మూపు మీద చెయ్యి

మా గుర్రాలను లారీలో ఎక్కించి పుణె దాటించిన సంగతి ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు. "గుర్రాలా? చిక్కడపల్లిలోనా?" అంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తొంభైలలో కూడా మా సందులో గుర్రాలుండేవి. నారాయణగూడ ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి చేసుకున్న పెద్దమనుషులు చాలామంది మా నాయిన గుర్రమెక్కే మండపానికి వెళ్ళారు. వాళ్ళలో కొందరు తర్వాత మా సందు చివర కట్టిన ఫ్లాట్లలోకి దిగారు. దిగి, లద్ది వాసన వస్తోందని, ఈగలు ముసురుతున్నాయని మా స్థలం యజమాని మీద పడ్డారు. ఆయనకు అదే కావాలి. ఆయనా అక్కడ ఫ్లాట్లు కట్టాలనే చూస్తున్నాడు. దీపావళి వెళ్ళగానే కొట్టం పడగొట్టిస్తానన్నాడు.

వాళ్ళ మీద నా కోపం నిజమైనదే. కాకపోతే ఆ కోపం వెనక నేను చాలా ఏళ్ళు దాక్కున్నాను. ఫ్లాట్లవాళ్ళు గుర్రాలను వెళ్ళగొట్టారు, అంతే. మా పెద్ద గుర్రం కాలు పోవడానికి వాళ్ళు కారణం కాదు.

మాకు రెండు తెల్ల ఆడగుర్రాలుండేవి. ఒకటి తల్లి, రెండోది దాని కూతురు. ఇంట్లో పెద్దది, చిన్నది అనేవాళ్ళం. తాత కాలంలో మాది టాంగా బతుకు. ఆటోలొచ్చి టాంగాలను మింగేశాక నాయిన పెళ్ళిళ్ళకు గుర్రాలు తోలడం మొదలుపెట్టాడు. బరాత్‌లో గుర్రాన్ని ఆడించడం ఊళ్ళో చాలామందికి వచ్చు. కళ్ళెం గుంజుతారు, కర్రతో కాళ్ళ మీద తడతారు, అది నొప్పికి ఎగురుతుంది. నాయిన అలా చేసేవాడు కాదు. డోలు దెబ్బ చెవిన పడితే చాలు, పెద్దది ముందుకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మోకాలి ఎత్తుకు లేపి ఉన్నచోటే ఆడేది. ఇక డోలు ఆగినా అది ఆగదు. బరాత్‌లో బ్యాండువాళ్ళు ఫొటో కోసమో, ఎవరో తాగి మీద పడ్డారనో మాటిమాటికీ ఆపుతారు. ఆపినప్పుడల్లా గుర్రం ఆగితే పైనున్న పెళ్ళికొడుకు ముందుకు తూలి పడతాడు. అందుకని నాయిన దానికి ఇంకో ఆపు నేర్పాడు. మెడ వెంట్రుకలు అయిపోయే చోట, మూపు మీద, చెయ్యి పెట్టి "బస్ బేటీ" అనాలి. చెయ్యి పడేదాకా ఆడుతుంది. చెయ్యి పడితే రాయిలా నిలబడుతుంది.

నారాయణగూడ చౌరస్తాలో ఒకసారి కరెంటు పోయి బ్యాండంతా ఆగిపోయింది. చీకట్లో ఒక్క చప్పుడూ లేదు, దాని గిట్టల చప్పుడు తప్ప. జనం నోళ్ళు తెరిచి చూశారు. నాయిన కావాలనే కాసేపు చెయ్యి పెట్టలేదు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క గర్వం అది.

నాకు మాత్రం అది సిగ్గు. అప్పుడు నేను అశోక్ నగర్‌లో గ్రూప్ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాను. పొద్దున కొట్టం ఊడ్చి క్లాసుకు వెళ్ళేవాణ్ణి. ఎంత రుద్దుకున్నా వాసన పోయేది కాదు. టీ కొట్టు దగ్గర స్నేహితులు "జరుగుండ్రి రో, బరాతొచ్చింది" అని ముక్కు పట్టుకునేవాళ్ళు. నేనూ వాళ్ళతో నవ్వేవాణ్ణి. కొత్తగా చేరిన ఒకతను అడిగితే "మావి కాదు, పక్కింటోళ్ళవి" అన్నాను. ఆ మాట అన్నరోజు రాత్రి కూడా హాయిగా నిద్రపోయాను. అది గుర్తుంది.

కొట్టం పోతుందని తేలాక నాయిన గుర్రాలను అమ్మలేదు. అమ్మితే ఇటుకబండికి కడతారని భయం. ఆయనతోపాటు ఒకప్పుడు టాంగా నడిపిన దోస్తు ఒకాయన పుణె అవతల కొండల మీద ఉన్నాడు. అక్కడ గాలి మార్పుకు వచ్చేవాళ్ళను గుర్రాల మీద తిప్పేవాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. తల్లినీ పిల్లనూ విడదీయకుండా ఉంచుకుంటానని ఆయన మాట ఇచ్చాడు. గుర్రాలతో నాయినే వెళ్ళాల్సింది. కానీ ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయి కుట్లు ఇంకా మానలేదు. లారీలో కుదుపులు పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"నేను పోను నాయినా. పరీక్ష దగ్గరికొచ్చింది," అన్నాను.

"పరీక్ష యాడికి పోతదిరా? పుస్తకం సంకల వెట్టుకొని పో. లారీల గూడ సదువుకోవచ్చు."

"గుర్రాల పక్కన కూసొని సదువుతరా ఎవరన్న?"

"సదువుతె అవి గూడ ఇంత నేర్చుకుంటయి. నీకంటె ముందే పాసైతయి, జూడు."

నవ్వించాలని అన్నాడు. నేను కంచం నెట్టేసి లేచిపోయాను.

తెల్లవారుతుండగా రెండింటినీ లోయర్ ట్యాంక్ బండ్ దాకా నడిపించుకు వెళ్ళాం. లారీని ఒక మట్టిదిబ్బకు ఆనించి పెట్టారు. లోపల ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచారు. చిన్నది మొరాయించింది కానీ తల్లి ఎక్కగానే వెనకే ఎక్కింది. డ్రైవర్ నాయినకు ఎరిగినవాడే, అక్కడి లారీల అడ్డాలో ఉండేవాడు. నాయిన కడుపు మీద చెయ్యి పెట్టుకుని దిబ్బ మీద నిలబడి నాకు చెప్పాడు.

"ఎన్కనే కూసో బిడ్డా. కాబిన్ల కూసోకు. తొవ్వల యాడన్న బాజా వినవడితే మూపు మీద చెయ్యి పెట్టు. గంతే, ఇంకేం జెయ్యనక్కర్లే."

"రోడ్డు మీద బాజా ఏడుంటది నాయినా?"

"పెండ్లిళ్ళ దినాలురా. ఏ ఊర్ల జూసినా ఉంటది. మర్వకు."

పటాన్‌చెరు దాటేదాకా వెనకే కూర్చున్నాను. ఆ తర్వాత డ్రైవర్ టీకి ఆపాడు. నా ప్యాంటు నిండా లద్ది. హోటల్లో ఒకతను తన గ్లాసు పట్టుకుని నా పక్కనుంచి జరిగి కూర్చున్నాడు. నాకు నాయిన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. బయటికి వచ్చి కాబిన్‌లో ఎక్కాను.

"ఏం తమ్మీ, ముంగటికొచ్చినవ్?" అన్నాడు డ్రైవర్. "మీ నాయిన ఎన్కనే కూసోమన్నడు గదా."

"గాలి ఆడ్తలేదన్నా."

"గుర్రాలకు ఆడ్తుందా మరి?"

"అన్నా, నువ్వు జర బండి నడుపు."

ఆయన పగలబడి నవ్వాడు. "సరే సారూ! నౌకరీ రాకముందే ఆర్డర్లు షురూ అయినయ్."

జహీరాబాద్ దాటాం, హుమ్నాబాద్ దాటాం. మధ్యలో రెండుసార్లు ఆపి బకెట్లతో నీళ్ళు పెట్టాను. పెద్దది నా భుజం వాసన చూసి చెమట నాకింది. నేను తల పక్కకు తోసి దిగిపోయాను. గైడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆదేశిక సూత్రాలు చదువుతూ కూర్చున్నాను.

మహారాష్ట్రలోకి వచ్చాక, మధ్యాహ్నం ఎండ వాలుతుండగా, ఒక చిన్న ఊళ్ళో లారీ ఆగిపోయింది. ముందు పెళ్ళి ఊరేగింపు. ఆ ప్రాంతంలో పెళ్ళికొడుకు ముహూర్తానికి ముందు గుర్రమెక్కి హనుమంతుడి గుడికి వెళ్తాడట. రోడ్డు నిండా జనం, చల్లుకున్న గులాలు రంగు. బ్యాండువాళ్ళు మా బంపరుకు తగిలేంత దగ్గర నిలబడి డోళ్ళు వాయిస్తున్నారు.

వెనకనుంచి గిట్టల చప్పుడు మొదలైంది.

నేను విన్నాను. వినలేదని ఎన్నోసార్లు చెప్పుకోవాలని చూశాను, కానీ విన్నాను. అది ఏ చప్పుడో ప్రపంచంలో నాకూ నాయినకూ మాత్రమే తెలుసు. దిగి, వెనక్కి నాలుగడుగులు వేసి, చెక్కలెక్కి చెయ్యి పెడితే అయిపోయేది. దిగలేదు. కుర్రాళ్ళు అప్పటికే చక్రాల మీదికెక్కి లోపలికి చూసి ఈలలు వేస్తున్నారు. నేను దిగితే ఆ గుంపంతా నావైపు తిరుగుతుంది, లద్ది ప్యాంటుతో గుర్రాలోణ్ణి చూస్తుంది. నా భాష కూడా రాని ఊళ్ళో, మళ్ళీ జన్మలో నన్ను చూడని జనం ముందు నాకు సిగ్గేసింది. దానికితోడు లోపల ఒక కసి. ఆడనీ, నాయిన నేర్పిన ఆట ఎంతసేపు ఆడుతుందో ఆడనీ అనుకున్నాను. పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"తమ్మీ, ఎన్క ఏందో లొల్లి అయితుంది. జూడరాదు?" అన్నాడు డ్రైవర్.

"ఏం గాదన్నా. దానికలవాటే."

ఊరేగింపు గుడి సందులోకి మళ్ళింది. డోళ్ళ చప్పుడు దూరమైంది. గిట్టల చప్పుడు మాత్రం అలాగే ఉంది. డ్రైవర్ గేరు మీద చెయ్యి వేసి నా మొహం చూశాడు.

"పోనియ్యాల్నా?"

"పోనియ్యన్నా," అన్నాను.

లారీ ఒక్క కుదుపుతో కదిలింది. అప్పుడు దాని ముందుకాలు గాలిలో ఉంది. పడింది. ఆ కాలు పక్క చెక్కల మధ్య సందులోకి పోయింది. అది అరిచిన అరుపు గుర్రాలతో పెరిగిన నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. డ్రైవర్ బండి ఆపి నాకంటే ముందు దూకాడు. వెళ్ళేసరికి చిన్నది పగ్గం తెంచుకునేలా గుంజుతోంది. పెద్దది పక్కకు పడి ఉంది. కాలు చెక్కలో ఇరుక్కుని, నెత్తురు ఇసుకలోకి కారుతోంది. అలా పడి ఉండి కూడా రెండో ముందుకాలు ఇంకా ఆడుతూనే ఉంది. లేపుతోంది, దించుతోంది. డోలు ఆగిపోయి ఎంతసేపయిందో. నేను మూపు మీద చెయ్యి పెట్టాను. వెంటనే ఆ కాలు ఆగింది.

ఊరేగింపులో ఈలలు వేసిన కుర్రాళ్ళే పరుగెత్తుకొచ్చి చెక్కలు ఊడదీశారు. పశువుల డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. ఎముక విరగలేదన్నాడు. కానీ నరం తెగింది, బతుకుతుంది, ఇక మీద సరిగ్గా నడవదు అన్నాడు. మనిషిని ఎక్కించుకునే మాట మరిచిపొమ్మన్నాడు.

ఎస్టీడీ బూత్ నుంచి మా పక్కింటికి ఫోన్ చేశాను. నాయినను పిలుచుకొచ్చారు. ఆయన రొప్పుతూ "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

"పెద్దదాని కాలికి దెబ్బ తాకింది నాయినా. డ్రైవర్ సడన్‌గ బ్రేక్ కొట్టిండు."

నోటికి అంత సులువుగా వచ్చింది. ముందు అనుకోలేదు, వెతుక్కోలేదు. అటువైపు నాయిన డ్రైవర్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లన్నీ విన్నాను. బూత్ తలుపు తెరిచే ఉంది. చొక్కా నిండా గుర్రం నెత్తురుతో డ్రైవర్ గడపలో నిలబడి ఉన్నాడు.

బయటికి రాగానే అడిగాడు. "నేను బ్రేక్ కొట్టిన్నా తమ్మీ?"

నేను చేతిలో మిగిలిన చిల్లర లెక్కపెట్టుకున్నాను.

"పోనియ్యాల్నా అని అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"మరి?"

"నాయిన ఆపరేషనైన మనిషన్నా. ఇప్పుడు చెప్తే తట్టుకోడు. ఇంటికి పోయినంక నేనే చెప్త."

"ఓహో. నా పేరు జెప్తే తట్టుకుంటడా?" అన్నాడు. "మంచి సదువే సదువుతున్నవ్. పాసైతవ్ పో."

అక్కణ్ణుంచి ఆయన నాతో మాట్లాడలేదు. నేను వెనకే కూర్చున్నాను. ఆ కూర్చోవడం అప్పుడిక ఎవరికీ పనికిరాదు. సోలాపూర్‌లో, ఇందాపూర్‌లో, పుణెలో లారీ ఆగిన ప్రతిచోటా నాకు ఒకటే భయం, మళ్ళీ ఎక్కడైనా డోలు మోగుతుందేమోనని. చెయ్యి దాని మూపు మీదినుంచి తియ్యలేదు. దాన్ని ప్రేమ అనుకోవద్దు. దొంగ భయంతో తన తలుపుకు తాళం వేసుకున్నట్టు వేసుకున్నాను ఆ చేతిని.

కొండ మీద చాచా ఎదురొచ్చాడు. కట్టు కట్టిన కాలు చూసి ఆయన మొహం నల్లబడింది.

"యే క్యా బేటా? ఎట్లయింది గిట్ల?"

"బ్రేక్ కొట్టిండు చాచా."

డ్రైవర్ ఉమ్మేసి అవతలికి వెళ్ళిపోయాడు. చాచా ఆయన వెళ్ళిన వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. "లోపటికి తే," అన్నాడు. "కుంటిదైనా ఇంటికొచ్చిన బిడ్డనే గదా."

తిరిగొచ్చాక నాయినకు అసలు సంగతి చెప్పలేదు. రేపు చెబుదాం, కుట్లు మానాక చెబుదాం, పరీక్ష అయ్యాక చెబుదాం అనుకుంటూ పోయాను. కాస్త నడవగలగడంతోనే ఆయన నన్ను వెంటబెట్టుకుని అడ్డాకు బయల్దేరాడు. వద్దంటే వినలేదు. డ్రైవర్ లారీ కింద పడుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు.

"బైటికి రారా! నీ చేతిల వెడితిని గదరా నా బిడ్డలను. బ్రేక్ కొట్టుడు రాదారా నీకు? లారీ నడుపుతవా, గాడిదను తోల్తవా?"

అడ్డా అంతా మూగింది. డ్రైవర్ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు ఆయనకు రోజూ లోడ్లు చెప్పేవాళ్ళు, ఆయనతో కూర్చుని తినేవాళ్ళు.

"పెద్దమనిషీ, నీ వయసుకు ఏమంటలేను. నీ కొడుకు ఎన్కనే నిలబడ్డడు. ఆయన నోట జెప్పించు."

"మా పిలగాడు అబద్ధమాడడు," అన్నాడు నాయిన.

ఆ మాట నన్ను పట్టుకుని కుదిపింది. అప్పుడైనా నిజం చెప్పాను, కానీ ఎలా చెప్పానో అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. తప్పు ఒప్పుకుంటున్నవాడిలా చెప్పలేదు. మీద పడి అరిచాను.

"అవును, నేనే పోనియ్యమన్న! కాబిన్ల కూసున్న. బాజా విన్న, దిగలే. నీ గుర్రాలు నాకద్దని ఎన్నిసార్లు చెప్పలే నీకు? డోలు ఆగినా ఆగకుండ దానికి నేర్పిందెవరు? నాచ్ నేర్పిందెవరు? దాని కాలు నువ్వే ఇరగ్గొట్టినవ్, నేను గాదు!"

నాయిన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఆయన నా వైపు చూడలేదు కూడా. నాయిన డ్రైవర్ ఎదుటికి నడిచి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది తమ్మీ. నోరు జారిన. మాఫ్ జెయ్యి."

"అయ్యో, గదేం మాట పెద్దయ్యా," అని డ్రైవర్ ఆ చేతులు పట్టుకున్నాడు.

"మళ్ళ గటుదిక్కు ఎప్పుడు వోతవ్?" అన్నాడు నాయిన.

ఆ తర్వాతి లోడుకు నాయిన ఆయన లారీలోనే కొండలకు వెళ్ళిపోయాడు. నాతో చెప్పలేదు, అమ్మతో చెప్పి వెళ్ళాడు. నేను పరీక్ష రాశాను. పాసయ్యాను. కొట్టం పడగొట్టిన చోట పునాదులు లేచాయి. నాయిన రాలేదు. అమ్మ ఒకసారి వెళ్ళి చూసి వచ్చింది. "మంచిగనే ఉన్నడు, దాని కాలుకు నూనె రుద్దుకుంట కూసున్నడు" అంది.

ఉద్యోగంలో చేరేముందు నేను వెళ్ళాను. బస్సు దిగి చాచా ఇంటి వెనక్కి నడుస్తుంటే టప టప టప అని రేకు చప్పుడు వినిపించింది. ఇంటి వెనక చదును నేల మీద నాయిన వనస్పతి డబ్బా ఒకటి బోర్లించి కర్రతో వాయిస్తున్నాడు. బరాత్ దెబ్బే. ఎదురుగా పెద్దది నిలబడి ఉంది. కుంటికాలు కొద్దిగా ఎత్తిపెట్టి, ఒళ్ళంతా వణుకుతోంది. కానీ ఆడటం లేదు.

"రోజూ ఇదే పని మీ నాయినకు," అన్నాడు చాచా నా పక్కకొచ్చి. "కాలు లేపితే చెయ్యి పెడ్తడు. లేపకుంటె బెల్లం పెడ్తడు. ఎందుకు భాయ్, ముసల్ది, ఆడితే ఆడనీ అంటే ఇనడు. కుంటికాలు మీద ఆడితే ఇంకోసారి పడ్తదంటడు."

నాయిన నన్ను చూసి వాయించడం ఆపాడు. కోపంగా ఏమీ లేడు. అడ్డాలో జరిగినదాని తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు.

"ఇయ్యాల చెయ్యి పెట్టనేలేదు, జూసినవా?" అన్నాడు. "నువ్వు జెప్పింది నిజమే బిడ్డా. నేర్పింది నేనే గదా. మాన్పిచ్చేది గూడ నేనే."

కోపంలో ఆయన మొహాన విసిరిన మాట అది. దాన్ని ఆయన తీసుకుని, నిజమని నమ్మి, నెలల తరబడి కూర్చుని తన చేత్తో నేర్పిన ఒక్క విద్యనూ తన చేత్తోనే తుడిచేశాడు. నాదే నాయినా, నీ తప్పు కాదు అని అక్కడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. అప్పటికే ఆయన డబ్బా నా ముందుకు జరిపాడు.

"నా చెయ్యి దానికి ఎరుకే. పరాయి చెయ్యి గొడితే ఏం జేస్తదో జూడాలె. నువ్వు గొట్టు."

"వద్దు నాయినా."

"కొట్టురా. గట్టిగ."

కర్ర తీసుకుని కొట్టాను. పెద్దది చెవులు నా వైపు తిప్పింది. మంచికాలి గిట్ట నేల మీదినుంచి లేచినట్టే లేచి మళ్ళీ ఆనింది. నిలబడిపోయింది. నాయిన మొహం వెలిగిపోయింది. "శభాష్ బేటీ," అంటూ బెల్లం ముక్క తీసుకుని లేచాడు. నాకు ఆ డబ్బా ఎత్తి లోయలోకి విసిరెయ్యాలనిపించింది. అది ఒక్కసారి, ఒక్కసారి ఆడితే చాలనిపించింది.

"ఇంకొంచెం గొట్టు," అన్నాడు నాయిన దాని నోటికి బెల్లం అందిస్తూ.

కొట్టాను.